రక్ష మింగిన కమ్మ

సోగత్తూరు వాసులకు, చుట్టుపక్కల ఊళ్ల బంధువులకు, పిలవకపోయినా వచ్చి భోంచేసి పోయిన పెద్దలకు తెలియజేయడమేమంటే: పోయిన నెల మొదటి ఆదివారం పొద్దున, కులదేవత గుడి ముందర షామియానా కింద, చంద్రు, వెన్నిల దంపతుల ఏకైక కూతురు చిరంజీవి రక్షకు జరగవలసిన చెవులు కుట్టే శుభకార్యం సగం మాత్రమే జరిగింది. కుడి చెవి పూర్తయింది. ఎడమ చెవికి పోవలసిన కమ్మ కడుపులోకి పోయింది. బిరియాని మాత్రం ఎక్కడా ఆగలేదు కాబట్టి కార్యం జరగలేదని ఎవరూ అనడానికి లేదు.

మా పక్క పద్ధతి ఏమంటే, బిడ్డ మేనమామ ఒళ్లో కూర్చోవాల, మేనమామ తెచ్చిన బంగారమే చెవికి ఎక్కాల. వెన్నిల అన్న మాదేష్ పెన్నాగరం మనిషి. హోసూరులో సెంట్రింగ్ పని. చెల్లెలి అత్తగారింట తన పేరు నిలబెట్టాలని ఆయన చేసిన ఏర్పాట్లు చూసి శత్రువులు కూడా నోరు మూసుకున్నారు. గుడి తోవలో ఒక ఫ్లెక్సు. అందులో రక్ష తలమీద కిరీటం. ఆమె పక్కన నల్లకండ్లద్దాలతో చేతులు జోడించిన మాదేష్. మేనమామ అని తెలిసేటట్టు 'తాయిమామ మాదేష్' అనే అరవ అక్షరాలు బిడ్డకంటే పెద్దవి. వెనకాల బ్యాండు. బ్యాండు వెనకాల ఆడవాళ్ల తలమీద పుట్టింటి సారె మోసే సీరు తట్టలు. అరటిపండ్లు, కమలాలు, చాకలెట్లు, రెండేండ్లు నిండని బిడ్డ తోలుకోవడానికి ఒక ప్లాస్టిక్ జీపు. అన్నిటికీ నడుమ తమలపాకు మీద ఎర్రటి డబ్బీ, డబ్బీలో మినపగింజంత గుండు కమ్మలు ఒక జత.

చంద్రు తల్లి గోవిందమ్మాళ్‌కు కంట్లో పొర వచ్చి రెండేండ్లయింది. బియ్యంలో రాళ్లు కనబడవు. ఎదురుగా వచ్చేది ఎవరింటి ఆవో కనబడదు. నలభై అడుగుల దూరంలో ఉండే డబ్బీ మాత్రం కనబడింది. "రెండేనా?" అనింది.

కుడి చెవి కుట్టినాక బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. అదే సమయంలో మా ఊరి పెద్దమనిషి రాజమాణిక్కం మైకు పట్టుకున్నాడు. ఆయన మైకు పట్టుకుంటే ఆ రోజు మైకువాడు వేరే ఊరికి ఒప్పుకోడు.

"ఇవి కమ్మలు గావు, సోదరులారా! రెండు కుటుంబాల మానం! ఒక కమ్మ పుట్టింటి మానం, ఒక కమ్మ మెట్టింటి మానం!"

ఏడ్చే బిడ్డ చేతికి ఏదో ఒకటి ఇవ్వాలని లోకంలో అందరికీ తెలుసు. మాదేష్ తన చేతిలో ఉండేది ఇచ్చినాడు. రాజమాణిక్కం మూడోసారి 'మానం' అన్నప్పుడు రక్ష దాన్ని నోట్లో వేసుకుంది. నాలుగోసారి అనేలోపల మింగేసింది.

వెంటనే తగిన చర్యలు తీసుకోబడ్డాయి. ఒకడు బిడ్డను తలకిందులు చేసినాడు. ఒకడు వీపు మీద చరిచినాడు. మూకాయి అవ్వ ఆముదం తెమ్మనింది, కాదు వేడినీళ్లని ఇంకొకరన్నారు, ఈ సంగతి తేలేలోగా రెండో పంక్తి లేచిపోయింది. రక్ష కిలకిలా నవ్వింది. తల్లి ఒక్కతే ఏడ్చింది. ఆమెకు సలహాలు ఇవ్వడం రాదు.

ధర్మపురి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి, "భయం లేదు, కడుపులోకి దిగింది. అరటిపండ్లు పెట్టండి, రెండు మూడు రోజుల్లో దానంతట అదే వస్తుంది, ప్రతిసారీ చూసుకోండి" అని రెండే రెండు మాటలు చెప్పి పంపింది. అంత చదువు చదివి ఇంతేనా చెప్పేది అని ఊరు బాధపడింది.

చంద్రు ఆ ఎక్స్‌రే ఫిలిమును వాకిలి పక్క కిటికీకి తగిలించినాడు. వీధి వీధంతా వచ్చి చూసింది. పక్కటెముకల కింద తెల్లగా ఒక చుక్క. "ఎంత మెరుస్తుందో చూడు, అసలైన బంగారం కడుపులో కూడా దాగదు" అన్నారు. ఒకావిడ చెప్పులు విడిచి దండం పెట్టుకుంది.

ఆ పూట నుంచి ఇల్లు గోవిందమ్మాళ్ పరిపాలన కిందికి వచ్చింది. బిడ్డ గడప దాటరాదు. కొత్త ప్లాస్టిక్ బేసిన్ తప్ప వేరే చోట కూర్చోరాదు. పగలంతా ఇద్దరేసి ఆడవాళ్లు కాపలా. అదే సీరు తట్టల్లోని అరటిపండ్లు గంటకొకటి. పెన్నాగరం నుంచి ఫోను చేసే బంధువులు "బాగుండారా?" అని అడగడం మానేసినారు. "వచ్చిందా?" అంటారు. "ఇంకా లేదు" అని ఇక్కడ జవాబు. డెయిరీలో పాలు పోసే చంద్రును కూడా "వచ్చిందా?" అని అడిగి, ఆ తరవాతే పాలు కొలిచినారు.

రక్ష పుట్టినప్పటి నుంచి ఆ పని కూర్చున్న చోటే చేస్తా ఉంది, తుడిచేది తల్లి ఒక్కతే. ఇప్పుడేమో ఆమె కొంచెం ముక్కితే ముగ్గురు మగవాళ్లు టీ గ్లాసులు పెట్టి లేచి నిలబడుతున్నారు. తన దగ్గర ఏదో గొప్ప సరుకు ఉందని, దాన్ని ఊరికే ఇవ్వరాదని బిడ్డకు అర్థమయింది. రెండు రోజులు బిగబట్టింది.

"నా బంగారూ, నా తల్లీ, ఒక్కసారి కూర్చోవే! జీపు తోలిస్తా!" అని గోవిందమ్మాళ్ బేసిన్ ముందర కూర్చుని బతిమాలింది. అయిదేండ్లలో కోడలితో ఆమె ఇంత మెత్తగా మాట్లాడింది లేదు.

ఇంత సంబరంలోనూ మాదేష్ ఒక్కడే డీలాపడి తిరిగినాడు. రెండో చెవి కాకుండా మేనమామ ఊరు దాటరాదని పెద్దలు ఆపేసినారు. "పోనీలే అత్తా, బిడ్డ బాగుంటే అదే చాలు. ఆ కమ్మను వదిలేయండి, నేను ఇంకొకటి తెస్తా" అని పూటకు రెండుసార్లు అన్నాడు.

"మామంటే మాదేషప్పా! ఈ ధరల్లో బంగారం వదిలేస్తానంటాడు" అని ఊరు పొగిడింది. పొగిడే కొద్దీ ఆయనకు చెమట పట్టింది.

"అట్లెట్ల వదిలేది?" అనింది గోవిందమ్మాళ్. "నీ బంగారం మాకొద్దప్పా. మా బిడ్డ కడుపులో ఉండేది మా బిడ్డది."

నాలుగో రోజు పొద్దున కాపలా వాళ్లు ఇది ఎవరి వంతని జుట్లు పట్టుకునే వేళకు రక్ష తన ఇష్టప్రకారం ఆవుల కొట్టం వెనక్కి పోయి, ఎవరి సహాయమూ లేకుండా పని ముగించింది. చూసింది వెన్నిల ఒక్కతే. కట్టెపుల్లతో వెదికి, కొళాయి కింద కడిగింది. కమ్మ బయటపడింది. ఒక పక్క నల్లగా మాడిపోయింది, ఇంకో పక్క పచ్చగా పాచి పట్టినట్టు ఉంది. వెన్నిల ఇంకా రెండుసార్లు కడిగింది. బంగారం కాలేదు.

తలెత్తి చూస్తే మాదేష్ నిలబడి ఉండాడు.

"ఏందన్నా ఇది?"

"ఫ్లెక్సుకు, బ్యాండుకు, తట్టలకు పోగా ఇదే వచ్చింది పాపా. చూసేవాళ్లకు తట్టలే కదా కనపడేది. కమ్మ మినపగింజంత."

"ఆ మినపగింజ ఒకటే మా అత్తకు కనపడేది."

"బిడ్డ మింగుతుందని నేను కలగన్నానా?"

"మింగకపోయింటే మంచి మామవే నువ్వు."

వెన్నిల అరవలేదు. ఈ సంగతి బయటపడితే తాను ముసలిదయ్యేవరకు ఆ ఇంట్లో ప్రతి ముద్దకూ నంజుకునేది ఇదే అవుతుందని ఆమెకు తెలుసు. లోపలికి పోయి పెట్టె తెరిచింది. పెండ్లినాడు అత్త తన చెవుల్లో పెట్టిన జత కమ్మలు అందులో ఉన్నాయి. 'నాలుగు తరాల మేలిమి' అని వారానికొకసారి వింటున్న కమ్మలు. అవీ గుండు కమ్మలే. ఒకటి తీసింది. అన్న మానం కోసం తన బంగారం ఒకటి పోతే పోనీ అనుకుంది. కాగితంలో చుట్టింది. నల్లదాన్ని కొంగున ముడేసుకుంది.

"అత్తా, వచ్చింది" అని పొట్లం చేతికిచ్చింది.

వీధిలో ఒక సరం టపాకాయలు కాల్చినారు. పెన్నాగరానికి ఫోను పోయింది. అంతలో గోవిందమ్మాళ్‌కు అనుమానం వచ్చింది. నాలుగు రోజులు కడుపు వేడిలో ఉండిన బంగారం, కొంచెమైనా కరిగి ఉండదా? ఇనుము తిన్నా అరిగే వయసు కదా! తరుగు ఎంతో తేల్చాల్సిందే. అప్పటికప్పుడు ఆటో వచ్చింది. వెన్నిల, చంకలో రక్ష, బలవంతాన మాదేష్, సాక్షిగా రాజమాణిక్కం. పొట్లం వచ్చిన తోవ గుర్తుకొచ్చి గోవిందమ్మాళ్ దాన్ని విప్పి చూడలేదు. క్యారీబ్యాగులో వేసి, ధర్మపురి దాకా చేయి ఆటో బయటికి చాపి పట్టుకుంది.

చిన్నకణ్ణు ఆచారి నగల అంగడిలో ఫ్యాను కింద కూర్చున్నారు. ఆచారి కమ్మను మళ్లీ కడిగినాడు. ఒరగల్లు మీద గీసినాడు. గీత మీద ఒక చుక్క ఆసిడ్ వేసినాడు. గీత మాయమయింది.

"ఇది కవరింగమ్మా. పైన పూతే."

వెన్నిల బిడ్డను గట్టిగా పట్టుకుంది.

గోవిందమ్మాళ్ లేచి నిలబడింది. "విన్నారా రాజమాణిక్కమన్నా! ఇదప్పా మామతనం! ఫ్లెక్సు చూస్తే మంత్రి, కమ్మ చూస్తే తగరం! నా మనవరాలి కడుపులో నాలుగు రోజులు తగరం పెట్టినాడే! నేను కోడలికి పెట్టింది ఎట్లాంటిది, వీడు పెట్టింది ఎట్లాంటిది?"

చెల్లెలు కమ్మ మార్చిన సంగతి పాపం మాదేష్‌కు తెలియదు. చేతులు జోడించి, "తప్పే అత్తా, క్షమించాల" అని తనది కాని కమ్మకు ఒప్పుకున్నాడు. రాజమాణిక్కం గొంతు సవరించుకొని, "మానం అనేది..." అని మొదలుపెట్టినాడు.

"మామా, కొంచెం ఆగండి" అనింది వెన్నిల. "అత్తా, దగ్గర పెట్టుకొని చూడు. అది మా అన్న తెచ్చింది గాదు. పెండ్లినాడు నువ్వు నాకు పెట్టింది. ఎట్లాంటిది పెట్టినావో చూసుకో." కొంగు ముడి విప్పి నల్లదాన్ని పక్కన పెట్టింది. "మా అన్నది ఇది. ఆచారీ, దీన్నీ గీసి చూడు."

"అక్కర్లేదమ్మా. దాని మొగమే చెప్తా ఉంది."

గోవిందమ్మాళ్ కూర్చుంది. "నాకు మా అత్త పెట్టింది. ఆమెకు వాళ్లత్త..."

"నాలుగు తరాలది గాదమ్మా" అన్నాడు ఆచారి, ఎవరి మనసూ నొప్పించకుండా. "ఇది మిషను కటింగు. ఈ రకం వచ్చిందే పదేండ్లయి ఉంటుంది."

గోవిందమ్మాళ్ తరాలను వేళ్లమీద మళ్లీ లెక్కపెట్టింది. ఆ సందులో రక్ష చేయి చాపి రెండు కమ్మలూ పిడికిట పట్టి నోటికి తీసుకుపోయింది. నాలుగు చేతులు ఒకేసారి ఎగబడి ఆపినాయి. ఆ రెండు కుటుంబాలు ఒక పనిని కలిసి చేయడం అదే మొదలు.

తరవాత పెద్దలు ఏకగ్రీవంగా తీర్మానించినది: బంగారం మేలిమిదే; కడుపులో తరుగు ఏమీ పోలేదు; ఇరుపక్షాలూ గౌరవనీయులు. అంగడి మెట్లమీదే రాజమాణిక్కం ఈ తీర్మానాన్ని ప్రశంసిస్తూ పది నిమిషాలు మాట్లాడినాడు. ఆచారి రెండింటికీ మళ్లీ పూత వేసి ఇచ్చినాడు. శుక్రవారం ఎడమ చెవి కూడా కుట్టినారు. అందులో మెట్టింటి కమ్మ పెట్టినారు. కుడి చెవిలో ముందే పుట్టింటిది ఉంది. న్యాయం అంటే ఇట్లుండాల. గోవిందమ్మాళ్ ఇప్పుడు కోడలిని 'అమ్మా' అని పిలుస్తుంది. వారానికొకసారి వినబడే మాట వినబడి నెలయింది. బిడ్డకు మాత్రం రెండు చెవులూ వాచి చీము పట్టినాయి. దిష్టి తగిలిందని మిరపకాయలు దిగదుడిచినారు.

ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. నాకు చెప్పినవాళ్లు ఒట్టు పెట్టించుకొని చెప్పినారు. ఊళ్లో మిగతా అందరికీ కూడా అట్లే చెప్పినారు. అప్పటినుంచి మా సోగత్తూరు ఆడవాళ్లు ధర్మపురికి పోతే ఆచారి అంగడి వచ్చే ముందరే వీధికి అటుపక్కకు దాటి పోతున్నారు. గీయించనంత వరకు మా ఊళ్లో అందరిదీ మేలిమి బంగారమే.

మీ సంగతి నాకెందుకు? అయితే ఇందాకటి నుంచి చెవి తడుముకుంటున్నారు కాబట్టి చెప్తున్నా: ఆచారి పొద్దున తొమ్మిదికే అంగడి తెరుస్తాడు. గీత గీయడానికి పైసా అడగడు. ఒక్కరూ రావడం లేదు.