మా పడక్కుర్చీ సింహాసనమైన వైనం

నవ్వొద్దని చెప్పి మొదలుపెడితే మీరు ఇప్పుడే నవ్వేస్తారు. అందుకని ఏమీ చెప్పను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నా బాధ నేను చెప్పుకుంటాను.

నాకో పడక్కుర్చీ ఉండేది. టేకు కర్ర, చారల గుడ్డ, కాళ్ళు చాపుకోవడానికి పొడుగాటి చేతులు. మా ఆవిడ కంటే సీనియర్. ఇన్సూరెన్సు ఆఫీసులో రోజంతా జనం చేత చివాట్లు తిని, ఇంటికొచ్చి అందులో కూలబడ్డానంటే మళ్ళీ భోజనానికే లేవడం. ముందు గదిలో ముప్పాతిక దానిదే. మిగతా దాంట్లో మేం అద్దెకున్నట్టు సర్దుకునేవాళ్ళం.

ఓ సాయంత్రం ఇంటికొచ్చి, అలవాటు కొద్దీ వెనక్కి చూడకుండా వాలాను. నేల తగిలింది.

"ఏమోయ్! కుర్చీ ఏదీ?"

"నాటకానికిచ్చా," అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"కుర్చీ నాటకంలో ఏం వేషం వేస్తుందే?"

"సింహాసనం."

మా వీధి చివర మూతపడ్డ ప్రింటింగ్ ప్రెస్సు ఒకటుంది. ఆ షెడ్డుని చుట్టుపక్కల వాళ్ళంతా కలిసి నాటకశాల చేసుకున్నారు. పిల్లాపాపలతో కూర్చుని చూడగలిగే నాటకాలే వేస్తారు. సాయంత్రాలు పాట, డాన్సు, నటన క్లాసులు. సామాను ఏం కావాలన్నా సభ్యుల ఇళ్ళ నుంచే రావాలి. అందుకే అక్కడ డైలాగుల కంటే "ఆ కర్టెన్ మాదే", "ఆ బిందె మా అత్తగారిది" అనే గుసగుసలే ఎక్కువ వినిపిస్తాయి.

మా ఆవిడ అక్కడ పెద్దవాళ్ళ డాన్సు క్లాసులో చేరింది. ఈ వయసులో డాన్సేమిటని నేను అనలేదు. మొహంతో మాత్రం అన్నాను. ఆవిడ నోటికంటే మొహాన్నే బాగా వింటుంది.

"ఇంట్లో ప్రాక్టీసు చేసుకోడానికి జాగా ఏదండీ? చెయ్యి చాపితే కుర్చీ, కాలు చాపితే మీరు."

"సరే, మళ్ళీ ఎప్పుడిస్తారు?"

"నాటకం అయ్యాక."

"ఎప్పుడవుతుంది?"

"జనం రావడం మానేశాక."

ఆ రాత్రి గోడకి ఆనుకుని అన్నం తింటూ ఒట్టేసుకున్నాను. నా కుర్చీ నా ఇంటికి రావాలి, అంతే. మర్నాడే వెళ్ళి నటన క్లాసులో చేరిపోయాను.

క్లాసు చెప్పేది అనౌన్స్‌మెంటు మాస్టారు. బస్‌స్టాండులో బస్సుల రాకపోకలు ప్రకటించి రిటైరైన మనిషి. ఆయన పలకరిస్తే చాలు, సామాను సర్దుకుని ఎక్కడికో బయల్దేరాలనిపిస్తుంది.

"మీకు నటనలో అనుభవం ఉందా?" అన్నాడు.

"పెళ్ళయిందండి," అన్నాను.

నాటకం పేరు 'లేవని రాజు'. ఒక రాజు సింహాసనం దిగడు. రాణి, మంత్రి, వంటవాడు అందరూ ఆయన్ని లేపడానికి నానా తంటాలు పడతారు. చివరికి లేస్తాడు, రాణి సంతోషం పట్టలేక డాన్సు చేస్తుంది. ఇంకేం, ఆ కుర్చీలో లేవకుండా ఉండటంలో నన్ను మించినవాడు ఈ భూమ్మీద లేడు కదా! రాజు వేషం నాకే అనుకున్నాను.

రాజు వేషం పళ్ళ డాక్టరుకిచ్చారు. జీవితమంతా ఎదుటివాళ్ళ నోళ్ళు తెరిపించాడు కదా, ఇప్పుడు తన నోరు తెరవాలని ఆయన సరదా. నాకు దక్కింది భటుడి వేషం. ఈటె పట్టుకుని, నా కుర్చీ వెనక, నాటకమంతా నిలబడటం. డైలాగు ఒక్కటే. "చిత్తం ప్రభూ."

రాణి ఎవరంటారా? ఇంకెవరు, మా ఆవిడే. "పొద్దెక్కింది, లేవండి!" "ఎంతసేపలా పడుంటారు?" "మీరు లేస్తే అక్కడ ఊడ్చుకుంటా!" ఎక్కడో విన్నట్టుందే అనిపించింది.

"మాస్టారూ, ఈ డైలాగులు ఎవరు రాశారండీ?" అనడిగాను.

ఆయన మా ఆవిడ వైపు చూసి గొంతు సవరించుకున్నాడు.

రిహార్సల్సులో నా కడుపుమంట మీకెలా చెప్పను? ఏళ్ళ తరబడి కూర్చుని ఆ గుడ్డలో నేను సంపాదించుకున్న గుంటలో పళ్ళ డాక్టరు హాయిగా ఒదిగిపోయేవాడు. నేను వెనక నిలబడి ఆయన బట్టతలకి కాపలా కాసేవాణ్ణి.

ఇక లాభం లేదని ఒక ఉపాయం ఆలోచించాను. పడక్కుర్చీ గుడ్డకి పైన ఒక కర్ర దూర్చి ఉంటుంది కదా? దాన్ని కాస్త పక్కకి జరిపితే, కూర్చున్నవాడు గుడ్డతో సహా కిందికి దిగిపోతాడు. చిన్నప్పుడు మనందరం చేసిన పనే. ప్రదర్శనలో రాజు పడిపోతే, ఈ పాత కుర్చీ ప్రమాదమని మాస్టారే నా మొహాన కొడతాడు. అయితే నేను దుర్మార్గుణ్ణి కాను. నాకు కావాల్సింది కుర్చీ, డాక్టరు నడుం కాదు. అందుకని ఇంట్లోంచి బొంత ఒకటి తెచ్చి, మడతపెట్టి కుర్చీ కింద తోశాను. సింహాసనంలా కనపడాలని పైన కప్పిన జరీ గుడ్డ చాటున అది ఎవరికీ కనపడదు.

ప్రదర్శన రోజు షెడ్డు నిండా పిల్లలు. నేను ఎవరూ చూడకుండా కర్ర జరిపి, ఏమీ ఎరగనట్టు ఈటె భుజాన వేసుకుని, బయట కాసేపు తచ్చాడి లోపలికెళ్ళాను.

అక్కడ మాస్టారు తల పట్టుకుని ఉన్నాడు. "డాక్టరుగారు రావట్లేదు. అర్జెంటు కేసట! రాజు డైలాగులు ఇంకెవరికైనా వచ్చా?"

అందరూ నా వైపే తిరిగారు. రోజూ వెనకే నిలబడి విన్నది నేనే కదా. వద్దు మొర్రో అంటున్నా వినకుండా ఈటె లాక్కుని, కిరీటం పెట్టి, స్టేజి మీదికి తోసేశారు. కర్ర సరిచేద్దామని చెయ్యి పెట్టేలోపు తెర లేచిపోయింది.

రాణి ఠీవిగా వచ్చింది. "ప్రభూ, లేవండి!" అనబోయి, నిలబడి ఉన్న నన్ను చూసింది.

"ప్రభూ, లేచే ఉన్నారేం?"

"ఇవాళ కూర్చోబుద్ధి కావట్లేదు రాణీ."

ముందు వరసలో ఒక పాప వాళ్ళమ్మని అడిగింది. "రాజు లేచేశాడు. నాటకం అయిపోయిందా?"

"మిమ్మల్ని లేపడానికి రాజ్యమంతా బయట వరస కట్టింది," అంది రాణి. "మీరు కూర్చోకపోతే ఎవర్ని లేపాలి ప్రభూ?"

"నేను నిలబడే పరిపాలిస్తాను."

"మీరా!" అంది. ఆ ఒక్క మాటలో మా కాపురమంతా ఉంది.

నన్ను లేపాల్సిన మంత్రి వచ్చి కూర్చోమని కాళ్ళావేళ్ళా పడ్డాడు. వంటవాడు గరిటె చూపించి బెదిరించాడు. నేను కదల్లేదు. పిల్లలు "కూర్చో! కూర్చో!" అని ఒకటే కేకలు. తెర వెనక నుంచి మాస్టారు గుసగుసగా "కూర్చోవయ్యా బాబూ!" అన్నాడు. ఆ గుసగుస వీధి మలుపు దాకా వినిపించిందట.

అప్పుడు మా ఆవిడ దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యేసి, మెల్లగా అంది. "కూర్చోండి."

ఆ గొంతుకి ఎదురుచెప్పడం నాకు అలవాటు లేదు. కూర్చున్నాను.

దబ్బుమని శబ్దం. తల కింద, కాళ్ళు పైన. కిరీటం దొర్లుకుంటూ ముందు వరసలోకి పోయింది. షెడ్డు రేకులు ఎగిరిపోయేంత నవ్వు. మా ఆవిడ చెయ్యిచ్చి నన్ను లాగి నిలబెట్టి, "రాజుగారు లేచారహో!" అని కేకేసి డాన్సు మొదలుపెట్టింది.

నిజం చెప్తున్నాను, ఆవిడ డాన్సు నేను చూడటం అదే మొదలు. ఎంత బాగా చేసిందో! నా కళ్ళు చెమర్చాయి. జనం నడుం నొప్పి అనుకున్నారు.

అయినా పట్టు వదల్లేదు నేను. నాటకం అవగానే మాస్టారి దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళాను. "చూశారుగా, కుర్చీ ప్రమాదం. ఇంటికి తీసుకుపోతాను."

"తీసుకుపోవడమా!" అని ఆయన నన్ను కావలించుకున్నాడు. "పిల్లలు మళ్ళీ మళ్ళీ చూస్తామంటున్నారు. ఆ పడటం నాటకంలో ఉండి తీరాల్సిందే. ఇక నుంచి ప్రతి ఆదివారం మీరే రాజు. కుర్చీ శాశ్వతంగా ఇక్కడే!"

ఇంటికి నడుస్తుంటే నాకో అనుమానం వచ్చింది. "డాక్టరుగారికి నిజంగానే అర్జెంటు కేసా?"

"కేసూ లేదు, గీసూ లేదు. నేనే రావద్దని ఫోన్ చేశా," అంది మా ఆవిడ తాపీగా. "సింహాసనం మీద జరీ గుడ్డ సర్దుతుంటే కింద మన బొంత కనపడింది. ఊరికే బొంత పరిచే మనిషి కారు కదా మీరు? మిమ్మల్నే కనిపెట్టుకుని ఉన్నా. కర్ర జరపడం చూశా."

"చూసినదానివి సరిచెయ్యొచ్చుగా?"

"సరిచేస్తే వచ్చేవారం ఇంకోటి చేస్తారు. పాపం డాక్టరుగారు రోజంతా నిలబడి పళ్ళు పీకాలి. ఆయన నడుం పట్టేస్తే ఎలాగ?"

"మరి నా నడుమో?"

"మీ నడుంతో మీరేం పని చేస్తారు గనక?"

జవాబు కోసం వెతుకుతూనే ఇల్లు చేరాను. మీకేమైనా తోస్తే చెప్పండి.