ముట్టుకోని వేళ్లు

చేతికందే దూరంలో బటన్ ఉంటే, చదువుకున్న మనిషి నొక్కకుండా ఎందుకు ఉండలేడు? ఈ ప్రశ్నకు ఏ శాస్త్రమూ ఇంతవరకు జవాబు చెప్పలేదు.

ఆ ఉదయం ఆఫీసు సూపరింటెండెంటు ప్రయోగశాలలో కుర్చీలు సర్దించడానికి మాత్రమే బయలుదేరింది. ఆమె తమ్ముడి భార్య అక్కడ పరిశోధకురాలు. తన పనిని చూడవచ్చే పరీక్షకుల బృందానికి ఎదురువెళ్తూ ఆ మరదలు మరీ మరీ చెప్పింది: "వదినా, ఆ పెట్టెను మాత్రం ముట్టుకోకండి. నొక్కిన ప్రతిసారీ అది నేర్చుకుంటుంది."

పెట్టెలో ఉన్నది విద్యుత్తును మోసే పాలిమర్ పొర, దానిపై ఉప్పు జెల్. బటన్ నొక్కినప్పుడల్లా జెల్‌లోని అయాన్లు పొరలోకి చొరబడతాయి. పెట్టె మీది దీపం మునుపటికంటే కాస్త ఎక్కువగా వెలుగుతుంది. మెదడు నేర్చుకునే తీరుకు అది అనుకరణ. చిక్కల్లా, కాఫీ చల్లారేలోగా అయాన్లు వెళ్లిపోయి పొర అంతా మరిచిపోయేది. అందుకే మరదలు అయాన్లను పట్టి ఉంచేలా పాలిమర్ గొలుసుకు కొత్త కొమ్మలు తొడిగింది. బృందం ముందు ఈరోజూ మరిచిపోతే ఈ పరిశోధన ఆగిపోయి, ఆమె బల్ల రంగుల విభాగానికి పోతుంది.

వదిన వెళ్లేసరికి, పెట్టెకు వైర్లు కలపడానికి వచ్చిన వైర్లాయన అప్పటికే నొక్కుతున్నాడు.

"కనెక్షను చూద్దామని ఒక్కసారి నొక్కానండీ. మళ్లీ నొక్కితే వెలుగు పెరిగింది. తగ్గిద్దామని ఇంకోసారి నొక్కా. ఇంకా పెరిగింది."

"నెయ్యి పోసి నిప్పార్పుతున్నావా నాయనా? జరుగు," అంటూ వదిన, నిజంగానే తగ్గదా అన్న కుతూహలం కొద్దీ తానూ నొక్కింది. ఆగలేక మళ్లీ నొక్కింది. అంతలో విభాగాధిపతి వచ్చాడు.

"మీకు నొక్కడం కూడా రాదు. గట్టిగా పట్టి నొక్కాలి," అని పట్టి నొక్కాడు. దీపం గది మూలల్లోని బూజును సైతం చూపించింది. ముగ్గురూ పిల్లుల్లా బయటపడ్డారు.

బృందం మిగతా గదులన్నీ చూసి వచ్చేసరికి చాలాసేపు పట్టింది. మరదలు ఒక్కసారి నొక్కగానే దీపం భగ్గుమంది. ఆమె ముఖం ఆరిపోయింది.

"దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

"నేనైతే ఆ ఛాయలకే పోలేదు," అన్నాడు అధిపతి. వైర్లాయన గోడ గడియారాన్ని పరిశీలించసాగాడు.

"నాకు కుర్చీలతోనే సరిపోయిందమ్మా," అంది వదిన.

బృందం పెద్దావిడ కళ్లద్దాలు సవరించుకుంది. "ఆగండి. ఎవరో ఎప్పుడో నొక్కితే ఇంకా గుర్తుందంటే, పొర మరిచిపోలేదన్నమాట. పదేపదే నేర్పితే నిలుస్తోంది. నేర్పిందెవరో చెబితే వాళ్ల పేరూ రిపోర్టులో రాస్తాను."

"నేనే," అన్నాడు అధిపతి. "వందకు తక్కువ నొక్కలేదు."

"మొదలుపెట్టింది నేనండీ. అంతకంటే ఎక్కువే ఉంటాయి," అన్నాడు వైర్లాయన.

వదిన కొంగు సర్దుకుంది. "వాళ్లిద్దరూ కలిసి నొక్కినదానికి నాది రెట్టింపు."

బల్ల ఉన్నచోటే నిలిచింది. కానీ ఫలితం రుజువు కావాలంటే మరదలు కొత్త పొర మీద సరిగ్గా అన్నిసార్లే నొక్కాలి. ఆ ముగ్గురూ పూటకో లెక్క చెబుతున్నారు. వారిలో ఎవరు మీకు తారసపడినా, మర్యాదకు పోకుండా నిజం కక్కించి, ఆమెకు కబురు పెట్టండి.