పెద్ద కోతకే నా ఓటు

కాలి ఆపరేషన్‌కి సిద్ధమవుతున్న మహిళలారా! చిన్న కోతల మోజులో పడి మోసపోకండి. కోత ఎంత పెద్దదైతే సుఖం అంత పెద్దది. నా కుడికాలి మీద ఒట్టేసి చెబుతున్నాను.

బొటనవేలు పక్కవేలి మీదకి ఒరిగిపోయి, దాని మొదట్లో ఎముక గోలీకాయంత పొడుచుకొస్తుందే, దాన్ని డాక్టర్లు బనియన్ అంటారు. నేను బడిలో ఆరు పీరియడ్లు నిలబడతాను, ఇంటికొచ్చి పొయ్యి ముందు నిలబడతాను. రాక ఏం చేస్తుంది?

"బనియన్‌కి ఆపరేషన్ చెయ్యాలట" అని ఇంట్లో చెబితే మా అత్తగారు తెల్లబోయారు.

"చిరిగితే కొత్తది కొనుక్కోక, ఆపరేషనేంటే?" అన్నారు. మా ఆయన కంగారుగా చొక్కా గుండీ విప్పి చూసుకున్నాడు.

నాకంటే ముందు ఈ జబ్బు మా పెద్ద తోడికోడలికి వచ్చింది. రక్తసంబంధం లేకపోయినా ఒకే వంటగదిలో నిలబడ్డ కాళ్లు కదా! ఆవిడది పాత పద్ధతి. పాదం పక్కన బెత్తెడు కోత, పదకొండు కుట్లు. వాటిని చూసి మా బావగారికి కళ్లు తిరిగాయి, ఆవిడకి దశ తిరిగింది. కాలికింద రెండు దిండ్లు, చేతిలో రిమోట్, ఆరువారాలు మంచం దగ్గరికే కాఫీ! చూడ్డానికి వచ్చినవాళ్లకి మా అత్తగారు కుట్ల ఫోటో చూపించేవారు. ఒకావిడ అది చూసి ఏడ్చింది కూడా. ఆ కాఫీలన్నీ పెట్టింది నేనే.

నాది మాత్రం ఆధునికం. పెసరగింజంత చిల్లులు నాలుగు. వాటిలోంచి సన్నటి మర దూర్చి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ ఎముక కోసి, స్క్రూలు బిగించారు. ఎంత ప్రగతి! సాయంత్రానికల్లా ఓ ప్రత్యేకమైన చెప్పు తొడిగి ఇంటికి పంపించేశారు. గుమ్మంలోంచి నడిచొచ్చాను. అదే నేను చేసిన తప్పు.

మూడోరోజు కట్టు మారుస్తుంటే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. "ఇంతేనా?" అన్నారు మా బావగారు, టికెట్ డబ్బులు దండగైనట్టు. "దీనికంటే దోమకాటు నయం" అన్నారు మా అత్తగారు. నాలుగోరోజు పొద్దున్న మా ఆయన ఎంతో ప్రేమగా, "ఎలాగూ లేచావుగా, కాస్త టీ పెడతావా?" అన్నాడు. నేను లేచింది బాత్రూంకి! అయిదోరోజుకి వంటంతా నాదే. పాదం సొరకాయలా వాచింది. వాపుకి కుట్లుండవు కాబట్టి ఎవరికీ కనబడలేదు. కూర తరుగుతూ ఏడిస్తే, ఉల్లిపాయలనుకున్నారు.

ఇప్పుడు ఎడమకాలి వంతు వచ్చింది. నిన్న డాక్టరమ్మ దగ్గర కూర్చుని, "ఈసారి పెద్ద కోతే పెట్టండి" అన్నాను.

ఆవిడ ఆశ్చర్యపోయింది. "ఎందుకమ్మా? పైన చిల్లు చిన్నదైనా లోపల ఎముక కోసేది ఒకటే. ఎలా చేసినా ఆరువారాలు ఇంటిపని ముట్టుకోకుండా కాలు ఎత్తులో పెట్టుకోవాల్సిందే. పోయినసారి పెద్దపెద్ద అక్షరాలతో రాసి, ఆ కాగితం మీ ఆయన చేతికే ఇచ్చానుగా!"

నేను మా ఆయన వైపు తిరిగాను. ఏ కాగితం? నేనింతకాలం తిట్టుకున్నది పాపం ఆ నాలుగు చిల్లులనా?

పక్కనున్న మా ఆయన, గోడకున్న పాదం బొమ్మలో ఎముకల పేర్లు ఒక్కొక్కటే శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.

"అయినా పెద్ద కోతే కానివ్వండి డాక్టరుగారూ," అన్నాను. "మావాళ్లు కాగితాలు చదవరు. కుట్లయితే లెక్కపెడతారు."