మతిమరుపు లేని ఊరు

మా ఊళ్లో మతిమరుపు జబ్బు అనేదే లేదు! ఇది నా మాట కాదు, మా ఆరోగ్య కేంద్రం రిజిస్టరు మాట. పద్నాలుగేళ్లలో ఒక్క కేసు లేదు. అట్లాస్ కొండగాలి మహిమ అనుకుంటారు బయటివాళ్లు. కాదండీ, ఇదంతా మా రెండు నిమిషాల డాక్టరు చలవ!

అర్థం కాలేదా? వారానికి రెండు రోజులు పట్నం నుంచి వస్తాడాయన. గుమ్మం బయట ఎనభై మంది. మనిషికి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఏ ముసలమ్మకైనా మతి పోవడానికి టైమేదీ?

పైగా డాక్టరుకు మా కొండభాష రాదు. మా ముసలి ఆడవాళ్లకు ఆయన అరబ్బీ రాదు. దీన్నీ కష్టమనే తెలివితక్కువవాళ్లున్నారు. మధ్యలో మేం మగవాళ్లం లేమూ?

మా అక్క సంగతే చూడండి, పేరు ఇత్తో. డెబ్భై ఆరేళ్లు. బీపీ మాత్రల కోసం మూణ్ణెల్లకోసారి నేనే వెంటబెట్టుకుని వెళ్తాను. రెండేళ్ల కిందట పెద్దవాళ్ల జ్ఞాపకశక్తి పరీక్షకని పైనుంచి ఓ ఫారం వచ్చింది. ఇది ఏ నెల? నేను చెప్పేశాను. పొద్దున ఏం తిన్నారు? బార్లీ జావ అన్నాను. సంత ఏ రోజు? బుధవారం అన్నాను. పెద్దవాళ్లని ప్రశ్నలతో వేధించడం మా ఇళ్లలో మర్యాద కాదు. అందుకే ఒక్క ప్రశ్ననీ ఆమెదాకా పోనివ్వలేదు. ఆమె గోడమీది టీకాల బొమ్మ చూస్తూ హాయిగా కూర్చుంది.

చివర్లో గడియారం బొమ్మ గీయమన్నారు. అక్క పుట్టి బుద్ధెరిగి పెన్సిలు పట్టలేదు. ఆ పుణ్యమూ నేనే కట్టుకున్నాను. పన్నెండంకెలూ ముత్యాల్లా వేశాను. ఫుల్ మార్కులు! అప్పట్నుంచి మాత్రలకు వెళ్లినప్పుడల్లా అదే పరీక్ష. మొత్తం ఎనిమిదిసార్లు రాశాం, ఎనిమిదిసార్లూ పాసే.

ఇలా ఊరు సుఖంగా ఉంటే, తగుదునమ్మా అని వచ్చాడండీ రొట్టెల బట్టీ అల్లాల్! మా వీధి ఆడవాళ్లంతా ఇంట్లో పిండి కలిపి, చెక్కపలకమీద పెట్టి, గుడ్డ కప్పి కాల్చడానికి వాడి బట్టీకే తెస్తారు.

"అన్నా, అక్క నెలరోజులుగా పిండిలో ఉప్పు వెయ్యట్లేదు. నిన్న ఒకసారి కాల్పించుకెళ్లి, కాసేపటికే మళ్లీ పలక తెచ్చింది. గుడ్డ తీస్తే కింద ఏమీ లేదు," అన్నాడు.

మరేం చేశావంటే, ఆమె చిన్నబుచ్చుకుంటుందని తన రొట్టె ఒకటి పెట్టి పంపాడట.

నాకు ఒళ్లు మండింది. నువ్వేమైనా డాక్టరువా, డాక్టరే ఎనిమిదిసార్లు బాగుందని రాశాడు, నీ పని నువ్వు చూసుకో అని కడిగిపారేశాను. ఇంటికొచ్చి ఆ రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు సరిగ్గా ఉంది; అంటే అక్క చేసింది కాదు, వాడన్నదే నిజం. అప్పుడు భయమేసింది నాకు.

మొన్న మంగళవారం మళ్లీ వెళ్లాం. బట్టీవాడి మాట చెబితే, అది రాసుకోవడానికి ఫారంలో గడి లేదన్నాడు డాక్టరు. అయినా మంచివాడు, తలెత్తి అక్కని చూశాడు. నన్ను చూపించి, ఈయన మీకేమవుతారని అడిగాడు. మొదటిసారిగా ప్రశ్నని ప్రశ్నలాగే మా భాషలో ఆమెకి చెప్పి, నోరు మూసుకున్నాను.

అక్క నన్ను తేరిపార చూసింది. నవ్వింది కూడా.

"ఏమో నాయనా, నాకు తెలీదు. మంచివాడే. నేను నోరు తెరవకముందే అన్నీ తనే చెప్పేస్తాడు."

ఏమన్నారు, అని డాక్టరు పెన్ను పట్టుకుని నావైపు చూశాడు. ఎనిమిది పరీక్షలు అవలీలగా పాసైన నాకు ఆ ఒక్క జవాబూ నోట రాలేదు.