సీటు జానెడు జరిగిన మహాసంగ్రామం

ఉదయభానుడు రేకుల కప్పును పెనంలా కాల్చక మునుపే, టీ గ్లాసులు రెండో విడత తిరగక మునుపే, సర్కారువారి కార్ల పరీక్షాశాల అనబడు ఆ భీకర రణరంగమున, కొత్త కార్లను గుద్దించే కాంక్రీటు గోడకు ఎదురుగా, తంత్రీజాలపరివేష్టితయై, నిర్వికారవదనయై, డ్రైవరు సీటులో కొలువుదీరింది ఒక బొమ్మ. నాలుగడుగుల పదంగుళాల బొమ్మ! ఇరవయ్యేళ్లుగా ఆ సింహాసనం ఆరడుగుల మగబొమ్మదే. వాడికి తగిలిన దెబ్బలను బట్టే కార్లకు భద్రతా నక్షత్రాలు పంచేవారు. ఇప్పుడు నిబంధనలు ఆధునికమయ్యాయి, పొట్టి ఆడబొమ్మకూ పరీక్ష పెట్టమన్నారు. పెట్టారు. కానీ సీటు మాత్రం పాత అలవాటున, ముందుకూ వెనక్కూ జరిగే దారికి సరిగ్గా మధ్యలోనే బిగించారు. బొమ్మ కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి.

అది చూసి భగ్గుమన్నది జూనియర్ ఇంజనీరు, వామనాకార, అనల్పకోప. ఆమె అక్కదీ అదే ఎత్తు. స్టీరింగుకు అతుక్కుని నడిపే ఆ అక్క ఇదే కారు కొందామని పొద్దుటినుంచి ఫోన్ల మీద ఫోన్లు చేస్తోంది. నిన్న మగబొమ్మకు ఐదు నక్షత్రాలొచ్చాయి మరి.

"ఓ నియమపాషాణహృదయా! పాదములందని పీఠమున అబలను నిలిపి అభయమిత్తువా?" అని గర్జించింది, మనసులో. పైకి మాత్రం, "సార్, కాళ్లు బ్రేకుకి అందట్లేదు" అంది.

పరీక్షాధికారి, అందరూ చాటున మధ్యేమార్గం గారనే మహానుభావుడు, కుంటుకుంటూ వచ్చాడు. "అది బ్రేకు వెయ్యదు కదమ్మా, గోడకి గుద్దుతుంది. సీటు మధ్యలోనే ఉండాలి. పద్ధతి."

ఔరా, ఏమి తర్కం! కొమ్ములు తిరిగిన పండితుడైనా నోరు మూసుకోవలసిందే. ఆమె మూసుకోలేదు.

"మోకాలికి ఏమైంది సార్?"

"పొద్దున కారెక్కబోతే స్టీరింగుకి కొట్టుకుంది. నిన్న మా ఆవిడ నడిపింది. సీటు ముందుకు లాగేసి అలాగే వదిలేసింది."

"ఆవిడ ఎందుకు లాగారు సార్?"

"కాళ్లందొద్దూ?"

అన్నాడు. అన్నాక బొమ్మ కాళ్లవైపు చూశాడు. చాలాసేపు మోకాలు రుద్దుకున్నాడు. "సరే, జరపండి" అన్నాడు, ఎవరికో పాత బాకీ అప్పజెప్పినట్టు.

అప్పుడు చెలరేగింది సమరం! సీటు కదలదు, మీట లొంగదు. ఇద్దరు మెకానిక్కులు వెనకనుంచి తోయగా, ఆమె నేలన మోకరిల్లి సకలశక్తిసంపన్నయై మీట లాగగా, 'టక్'మని జానెడు ముందుకు జరిగింది. కాళ్లు పెడళ్లకు ఆనాయి. కారు వెళ్లి గోడకు గుద్దింది. స్టీరింగుకు దగ్గరైన బొమ్మ ఛాతీకి తగిలిన దెబ్బ కొలత, తెర మీద ప్రమాదపు గీత దాటి ఎర్రబడింది.

మధ్యేమార్గం గారు తన చేత్తోనే రాశాడు: పొట్టి డ్రైవరుకు రెండు నక్షత్రాలు. కాగితం మీద ఆ గడి లేకపోతే స్కేలు పెట్టి తనే గీశాడు.

ఆమె అక్కకు ఫోన్ చేసింది. "అక్కా, ఆ ఐదూ ఆరడుగుల బావవే. నీకు రెండే."

అటునుంచి వెంటనే జవాబొచ్చింది. "అయితే అది ఆయన్ని కొనుక్కోమను. నాకు ఇంకోటి చూడు."

అష్టదిక్కులారా, ఆలకించండి! ఇరవయ్యేళ్ల సామ్రాజ్యం జానెడు జరిగింది. కాస్త తక్కువే అనుకోండి, టేపు పెట్టి కొలిస్తే.