పన్నెండు బోర్డులు, ఒకే ఫోల్డరు

పదకొండింటికి ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ బోర్డులు చూడ్డానికి ఆఫీసుకు వస్తారు. ఆలోగా, ఆసుపత్రి గుమ్మాల దగ్గర పెట్టే పన్నెండు తెర బోర్డులూ పన్నెండు గదుల పేర్లు చూపించాలి. ఆ ఉదయం కొత్త ఇంజనీరు వేసుకున్న పథకం ఇంతే. అది సవ్యంగా జరిగితే ప్రొబేషన్ కాగితం మీద మేనేజరు సంతకం పడి ఉద్యోగం ఖాయమవుతుంది. జరక్కపోతే మళ్లీ ఉద్యోగాల వేటే. పైగా అల్లుడి ఉద్యోగం పర్మనెంటయిందని మామగారు అప్పుడే ఊరంతా చాటేసి, పొద్దుటినుంచి మూడుసార్లు ఫోన్ చేశారు.

"అల్లుడుగారూ, సంతకం అయిందా?"

"ఇంకా లేదండి మామయ్యగారూ."

"కంగారేం లేదు. ఓ పావుగంటలో మళ్లీ చేస్తాను."

ఆ బోర్డులకు సొంత బుర్ర లేదు. కరెంటు ఇవ్వగానే నెట్‌వర్కు తీగ వెంట సర్వరుదాకా వెళ్లి, అక్కడ తమకు కేటాయించిన ఫోల్డరులో ఏముంటే అదే తమ సర్వస్వమనుకుని లేస్తాయి. బోర్డుకో ఫోల్డరు చొప్పున నిన్న సాయంత్రం ఆ దారులు రాసింది కొత్త ఇంజనీరే.

అతను మొదటి బోర్డులో "కళ్లు" అని రాశాడు. తెర మీద కళ్లు వచ్చాయి. మంచినీళ్లు తాగి వచ్చేసరికి అవి ఎముకలయ్యాయి. మళ్లీ కళ్లు రాశాడు. గది అవతలి చివర, బోర్డులను పరీక్షించే అక్క విసుక్కుంది.

"ఎముకలని రాస్తే కళ్లంటుందేంటి ఇది?"

"నా దాంట్లో ఎముకలొస్తున్నాయక్కా."

ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. కీబోర్డుల మీంచి చేతులు తీసేసి తెరలవంక చూశారు. అరనిమిషంలో రెండు తెరల మీదా "గుండె" వచ్చింది. అది ఇద్దరిలో ఎవరూ రాయలేదు.

కొత్త ఇంజనీరు లేచాడు. పరుగున మిగతా బోర్డులకూ తీగలు తగిలించి కరెంటు ఇచ్చాడు. అన్నిట్లోనూ గుండే. సర్వరు తెరిచి చూశాడు. నిన్న మొదటి వరుస రాసి, దాన్నే పదకొండుసార్లు అతికించి, చివరి నంబరు మార్చడం మరిచిపోయాడు. పన్నెండు బోర్డులూ ఒకటో నంబరు ఫోల్డరులోనే కాపురం పెట్టాయి.

"మరి గుండె ఎవరు రాశారు?" అంది అక్క.

పన్నెండో బోర్డు మేనేజరు గదిలో ఉంది. ఆయన వచ్చినప్పటినుంచీ తలుపు వేసుకుని, తన గుండెను కళ్లుగా, ఎముకలుగా మారుస్తున్న దుర్మార్గుడితో ఒంటరిగా పోరాడుతున్నాడు.

నంబర్లు దిద్దుదామని కొత్త ఇంజనీరు కూర్చున్నాడో లేదో, డాక్టరమ్మ పది నిమిషాలు ముందుగానే లోపలికి వచ్చేసింది. సరిగ్గా అప్పుడే తెరలన్నీ ఒక్కసారిగా మారాయి: "దీన్ని మారుస్తున్నదెవరు? వెంటనే వచ్చి నన్ను కలవండి."

డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుని ఒక్కో తెరా చదివింది. తన ఉద్యోగం అయిపోయిందని కొత్త ఇంజనీరుకు రూఢి అయింది.

"ఒక్కచోట రాస్తే అన్ని గదుల్లోనూ వస్తుందా?"

"వస్తుందండి," అన్నాడు నీరసంగా. "రాకుండా ఆపడమే కష్టంగా ఉంది."

"ఓ మాట అందరికీ చెప్పాలంటే గదిగదికీ నేనే తిరగాలి. మోకాళ్లు అరిగిపోయాయనుకోండి. మిగతా కంపెనీలవాళ్లెవరూ ఇది చూపించలేదు. మాకిదే కావాలి."

గుమ్మంలోకొచ్చిన మేనేజరు చివరి రెండు మాటలూ విని, "ప్రత్యేకంగా మీకోసమే చేయించామండి," అన్నాడు.

ఆవిడ వెళ్లాక కొత్త ఇంజనీరు ఇక దాచలేకపోయాడు. "చేయించడం కాదండి. నంబర్లు మార్చడం మర్చిపోయాను. తప్పు నాదే."

మేనేజరు ప్రొబేషన్ కాగితం తీసి సంతకం పెట్టాడు.

పర్మనెంటు ఉద్యోగిగా అతనికి అప్పగించిన మొదటి పని, ఆ పొరపాటు ఎలా చేయాలో మిగతావాళ్లకు అర్థమయ్యేలా వివరంగా రాసిపెట్టడం.