అశోక్‌నగర్‌లో గరుడకు ఫస్ట్ ర్యాంకు

కూడు, గూడు, గుడ్డ తర్వాత మనిషికి కావలసిన నాలుగో వస్తువేమిటో ఏ ప్రభుత్వమూ ఇంతవరకు అధికారికంగా ప్రకటించలేదు. ఆ లోటును అశోక్‌నగర్‌లోని మా వైభవ్ రెసిడెన్సీ సంక్షేమ సంఘం తీర్చింది. నాలుగోది సిగ్నల్. ఇది ఏకగ్రీవ తీర్మానం. (మూడో అంతస్తువారు మంజీరా నీళ్లన్నారు గానీ, సభ నవ్వి ఊరుకుంది.)

తీర్మానానికి కారణం రెండో అంతస్తు గోవర్ధన్ గారి అమ్మాయి మాధురి. మా వీధి రీడింగ్ రూముల్లో మూడేళ్లు గ్రూప్స్‌కు చదివి, రాని నోటిఫికేషన్ల మీద విసుగొచ్చి, ప్రైవేటు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. రెండు వారాల్లో వీడియో ఇంటర్వ్యూ. కంపెనీ పేరేమిటో కన్సల్టెన్సీవాళ్లు చెప్పలేదు, ఒక నిబంధన మాత్రం చెప్పారు: వీడియో రెండుసార్లు తెగితే అభ్యర్థికి ఉద్యోగం మీద ఆసక్తి లేదని భావిస్తారు. గోవర్ధన్ గారింట్లో సిగ్నల్ వంటింట్లో, కుక్కర్ పక్కన మాత్రమే వస్తుంది. కుక్కర్ కూత పెడితే అదీ పోతుంది. (వైఫై లేదా అంటారేమో. మా వీధిని తవ్వి, పూడ్చి, మళ్లీ తవ్వుతున్నారు. కేబులు ఏ తవ్వకంలో తెగిందో తేల్చడానికి వేరే సంఘం ఉంది.)

"నా బిడ్డ జిందగీ గిప్పుడు టవర్ల చేతిల వడ్డది," అన్నారు గోవర్ధన్ గారు మీటింగులో కళ్లు తుడుచుకుంటూ. "ఏ కంపెనీ సిమ్ము మంచిదో జర అందరు గల్సి తేల్చున్రి."

మన దేశంలో అడగకూడని ప్రశ్నల్లో ఇదొకటి. మనిషి తన నెట్‌వర్కును అల్లుణ్ణి వెనకేసుకొచ్చినట్టు వెనకేసుకొస్తాడు. ఇంట్లో ఎంత ఏడిపించినా బయట బంగారమంటాడు. పావుగంటలో గరుడవాళ్లు ఒక పక్క, మెరుపువాళ్లు ఒక పక్క, పవనంవాళ్లు ఒక పక్క చేరిపోయారు. ఐదో అంతస్తు దమయంతి గారిది పవనం పక్షం.

"మా ఫ్రిజ్ మీద పెడితే ఫుల్లుగా వస్తుందండీ," అన్నారావిడ.

"మరి మాట్లాడుడెట్లక్కా?" అన్నారు గోవర్ధన్ గారు.

"స్టూలెక్కి, ఫ్రిజ్ మీద చెవి ఆనిస్తే బ్రహ్మాండంగా వినిపిస్తుందండీ. ఎండాకాలం చల్లగా కూడా ఉంటుంది."

ఇలా లాభం లేదని తులనాత్మక నెట్‌వర్క్ పరిశీలక మండలి ఏర్పాటైంది. అధ్యక్షులు మొదటి అంతస్తు సూర్యనారాయణమూర్తి గారు. సర్వేలు చేసే ఒక శాఖలో పెద్ద హోదాలో రిటైరయ్యారు. వారం రోజుల పులుసులో ఉప్పుకు సగటు కట్టి గానీ భార్యను ఒక మాట అనరు. అప్పుడప్పుడూ పత్రికలకు రాస్తానన్న నేరానికి నివేదిక రాసే పని నా మీద పడింది.

నియమావళి తయారైంది. ప్రతి అంతస్తులో, ప్రతి గదిలో మూడు కంపెనీల ఫోన్లతోనూ వేగం కొలవాలి. ఫోను భుజం కన్నా పైకి ఎత్తరాదు (ఎత్తితే అది సౌకర్యం కాదు, వ్యాయామం). స్నానాల గదిలో కొలిచే ముందు తలుపు తట్టవలెను. ఈ చివరి నియమాన్ని మొదటి రోజు సాయంత్రం, ఒక ఫిర్యాదు అందిన మీదట చేర్చారు.

ఆ మూడు రోజులూ మా భవనంలో పెళ్లి సందడే. హారతి పళ్లేల్లా ఫోన్లు పట్టుకుని జనం ఇంటింటికీ తిరిగారు. సిగ్నల్ కొలవడానికి ఎవరి వంటింట్లోకి వెళ్లినా పెసరట్టు తినకుండా బయటికి రానివ్వలేదు. నాకు నిజంగా ఆనందమేసింది. ఇన్నాళ్లూ పక్క ఫ్లాట్లో ఎవరున్నారో తెలియకపోవడానికి కారణం ఫోన్లు కాస్తో కూస్తో పనిచేయడమేనని అప్పుడర్థమైంది.

ఫలితాలొచ్చాయి. మెరుపు అన్ని గదుల్లోనూ అందింది గానీ నింపాదిగా అందింది. పవనం సగం గదుల్లో అందింది. గరుడ ఒకే ఒక్కచోట, ఒకే ఒక్కసారి అందింది. టెర్రస్ మీద, నీళ్ల ట్యాంకు వెనక. కానీ ఏం రాక అది! ఫోన్లో వేగం చూపించే ముల్లు గిర్రున తిరిగి చివరికి కొట్టుకుంది. చూసినవాళ్లు ఈల వేశారు. మూర్తి గారు సగటు తీశారు. గరుడకు ఫస్ట్ ర్యాంకు.

"గరుడ మిగతా జాగలల్ల అసలే రాలే గదంకుల్," అంది మాధురి. "అవన్నీ సున్నాలు కావా?"

"సున్నా అంటే కొలిస్తే వచ్చిన అంకె తల్లీ," అన్నారు మూర్తి గారు ఎంతో వాత్సల్యంతో. "అక్కడ కనెక్టే కాలేదు, ఇక కొలతేదీ? జరగని కొలతను సగటులో కలిపితే అది గణాంకం కాదు, కల్పన. నా సర్వీసు మొత్తంలో ఆ తప్పు చేయలేదు." (తాళం వేసి ఉన్న ఇళ్లలో ఎవరికీ ఏ సమస్యా లేదని ఆయన సర్వేలన్నీ తేల్చాయి.)

"పెద్దమనిషి చెప్తుండు బిడ్డా, జర ఊకో," అన్నారు గోవర్ధన్ గారు.

మర్నాడు భవనమంతా ఊరేగింపుగా నారాయణగూడ చౌరస్తాలోని విఠల్ మొబైల్ షాపుకు వెళ్లి నంబర్లన్నీ గరుడకు మార్పించింది. "గింత గిరాకీ నేను దసరాకు గూడ సూడలేదన్నా," అంటూ విఠల్ అందరికీ చాయ్ తాగించాడు. ఒకసారి మారితే మూడు నెలలదాకా ఇంకో కంపెనీకి మారడానికి లేదని చాయ్ తాగాక చెప్పాడు.

ఇంటర్వ్యూ రోజు ట్యాంకు వెనక కుర్చీ వేశాం. ట్యాంకు కనబడకుండా దమయంతి గారు దుప్పటి అడ్డం పట్టుకున్నారు. సిగ్నల్ బెదరకుండా మోటారు ఆపాం, లిఫ్టు ఆపాం, మిగతా గరుడ ఫోన్లన్నీ ఆపించాం. సరిగ్గా పదకొండింటికి గరుడ దిగివచ్చింది. తెర మీద టై కట్టుకున్న ఒకాయన "గుడ్ మార్నింగ్" అన్నాడు. మాధురి నోరు తెరిచింది. ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఒకసారి తెగింది.

ఫోను నెత్తిన గీతలన్నీ నిండుగానే ఉన్నాయి. పక్కన ఫైవ్ జీ అని కూడా ఉంది. లోపల మాత్రం చక్రం తిరుగుతూనే ఉంది. "ఇంకొక్కసారి తెగితే అయిపాయె," అని గోవర్ధన్ గారు పిట్టగోడ మీద కూలబడ్డారు. మాధురి కళ్లలో నీళ్లు తిరిగాయి. మాకెవరికీ ఆ పిల్ల ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

అప్పుడొక ఫోను మోగింది. మూర్తి గారి జేబులో.

"చిక్కడపల్లి మార్కెట్లో వంకాయలు లేతగా ఉన్నాయి, తీసుకోమంటారా మావయ్యా?" అన్న ఆయన మేనల్లుడి గొంతు టెర్రస్ అంతటికీ వినిపించింది. అంత స్వచ్ఛమైన గొంతు మేం విని వారం దాటింది.

"అంకుల్, మీది ఏ నెట్‌వర్కు?" అంది మాధురి.

"మెరుపు తల్లీ."

"మీరు మారలేదా?"

"పరిశీలించినవాడు ఫలితం వల్ల లాభపడకూడదమ్మా. అది వృత్తి ధర్మం."

మాధురి ఆ ఫోను లాక్కుని, వంకాయలను మధ్యలోనే ఆపేసి, హాట్‌స్పాట్ పెట్టుకుంది. మెరుపు నింపాదిగా, కానీ తెగకుండా నడిచింది. అరగంట తర్వాత టై ఆయన ఆఖరి ప్రశ్న వేశాడు. ఉద్యోగం గరుడ కస్టమర్ కేర్‌లోనట. మా నెట్‌వర్కు గురించి మీ అభిప్రాయం ఒక్క వాక్యంలో చెప్పండన్నాడు.

మాధురి మా అందరి వంకా ఒకసారి చూసింది. "కనెక్టయినప్పుడు దానికి సాటి లేదు సార్," అంది.

అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చేశారు. గోవర్ధన్ గారు మూర్తి గారిని కావలించుకుని ఏడ్చారు. దమయంతి గారు దుప్పటి వదిలేసి చప్పట్లు కొట్టారు. నేనూ గెంతాను, దాచడమెందుకు?

ఇది జరిగి నెలయింది. మా ఫోన్లు టార్చిలైట్లుగా చక్కగా పనిచేస్తున్నాయి. అందరి తరఫునా ఫిర్యాదు చేసే బాధ్యత నాకప్పగించారు. గరుడ నుంచి గరుడకు ఫోను కలవదు గనుక మూర్తి గారింటికెళ్లి, ఆయన ఫోను అరువడిగి, కస్టమర్ కేర్‌కు చేశాను. మన మాధురే ఎత్తింది. ప్రాణం లేచొచ్చింది.

"కిషన్ రావంకుల్, మీ పరేషానీ నాకు తెల్వదా! కానీ మా రికార్డుల అశోక్‌నగర్‌ల ఏ కస్టమర్‌కు ఇబ్బంది లేదు. నెల మొత్తంల ఒక్క ఫిర్యాదు గూడ రాలే."

"అదెట్లమ్మా? బిల్డింగంత రోజూ మీకే కొడ్తున్నరు గద!"

"కనెక్టయినయా అంకుల్?"

"కాలే."

"కనెక్టు కానివి లెక్కల కలపమంకుల్."

పక్కనే కూర్చుని వింటున్న మూర్తి గారు తృప్తిగా తలాడించారు. "పిల్లకి సబ్జెక్టు వంటబట్టిందండీ," అన్నారు.